వంద అంకెల జ్ఞాపకం

విదేశం నుంచి వచ్చింది కాబట్టి ఆ సౌండ్ మీటరుకు మా కాలుష్య నియంత్రణ ఆఫీసులో మనుషులకు దొరకని మర్యాద దొరికేది. చేతిలో పట్టేంత పెట్టె. చప్పుడు ఎన్ని డెసిబెల్సో చూపించి, బొత్తాం నొక్కితే ఆ అంకెను టైముతో సహా దాచుకునేది. దాని జ్ఞాపకశక్తి మొత్తం వంద అంకెలు. నూటొకటోది వస్తే, ఇక చాలని కూతపెట్టి ఆగిపోవాలి. లేదా అన్నిటికన్నా పాతదాన్ని చెరిపి ఆ చోట కొత్తది రాసుకోవాలి. ఏది కావాలో మనమే ముందుగా పెట్టాలి.

మా ఆఫీసరు రెండోది పెట్టించాడు. నలుగురిలో అది కూత పెడితే ఆయనకు నామోషీ అట. నిండకముందే కాగితం మీదికి దించుకుందామంటే ప్రింటరు ఆయన బీరువాలో ఉండేది. శుక్రవారం తప్ప తీసేవాడు కాడు. "అంకెలు ఎక్కడికి పోతాయయ్యా, లోపల సేఫ్‌గా ఉంటాయి" అనేవాడు. మీటరుతో వచ్చిన పుస్తకాన్ని ఆయన ఒక్కసారైనా తెరవగా నేను చూడలేదు.

తొంభైల నడుమ ఫిల్మ్ నగర్ నుంచి ఒకావిడ ఫిర్యాదు ఇచ్చింది. పక్క బంగళాను షూటింగులకు అద్దెకిచ్చారు. జనరేటర్ వ్యానును సరిగ్గా వీళ్ల పడకగది కిటికీ కింద ఆపేవారు. గుండె ఆపరేషనై వచ్చిన భర్తకు పగలంతా కునుకు లేదు. వ్యానును అవతలి వీధికి మార్పిస్తే చాలన్నది ఆవిడ. సోమ, మంగళ, బుధవారాలు ఆ మంచం పక్కన నిలబడి డెబ్బై రెండు అంకెలు ఎక్కించాను. అన్నీ హద్దు దాటినవే.

గురువారం ఆఫీసరు స్వయంగా తనిఖీకి వచ్చాడు. తనిఖీ అంటే బంగళాలో భోజనం. అందరూ తింటున్నారు కాబట్టి జనరేటర్ ఆగి ఉంది. వేషం తీయని విలన్ ఒకాయన మీటరును చూసి ముచ్చటపడ్డాడు.

"ఏంటండీ, నా గొంతు కూడా కొలుస్తుందా ఇది?"

"ఎందుకు కొలవదు సార్! ఒక్క డైలాగ్ కొట్టండి" అని మా ఆఫీసరు బొత్తాం మీద వేలు పెట్టి నిలుచున్నాడు.

విలన్ గర్జించాడు. నూట రెండు. చప్పట్లు. ఇక యూనిట్ అంతా వరస కట్టింది. జనరేటర్ ఆపరేటర్ కూడా చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"సార్, జర నాది గూడ చూడుండి. గాయన కంటె నాదే ఎక్కువొస్తది."

"నీ బండి అరిచేది చాలదేంటయ్యా, నువ్వు కూడానా!" అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్. అందరూ విరగబడి నవ్వారు.

విలన్ ఒక్కడే పదిహేడు సార్లు అరిచాడు, మేకప్ మనిషి తనను దాటేశాడని. ప్రతి అరుపుకూ బొత్తాం నొక్కుడే. "సార్, నిండిపోతే పాతవి చెరిగిపోతాయి" అన్నాను. "నీ చాదస్తం ఆపు. రా, నువ్వూ ఒకటి కొట్టు" అన్నాడు ఆఫీసరు. కొట్టాను. డెబ్బై ఎనిమిది. దానికీ నవ్వారు.

శుక్రవారం కాగితం మీదికి దించితే ఎనభై తొమ్మిది అరుపులు, బుధవారం సాయంత్రపు పదకొండు అంకెలు వచ్చాయి. మూడు రోజుల లెక్క పూర్తిగా ఉంటేనే మా శాఖ నోటీసు ఇస్తుంది. నా నోటుపుస్తకంలో డెబ్బై రెండూ రాసి ఉన్నాయన్నాను. చేతిరాత చెల్లదన్నాడు ఆఫీసరు. ఆ మీటరు రాకముందు ఏళ్ల తరబడి నా చేతిరాత కిందే సంతకాలు పెట్టిన మనిషి! మళ్లీ కొలుద్దామంటే, షెడ్యూలు ముగిసి వ్యాను వెళ్లిపోయింది, లేని చప్పుడుకు ఫిర్యాదేమిటన్నాడు.

ఆవిడ ఆఫీసుకు వచ్చింది. ఆఫీసరు ఫైల్లోంచి తల ఎత్తలేదు. ఆవిడ నన్నే అడిగింది.

"మూడు రోజులు ఆయన మంచం పక్కనే నిలబడ్డారు కదండీ. మీరు విన్నది కూడా చెల్లదా?"

"మీటరులో లేదండీ" అన్నాను.

ఆవిడ వారంలోగా భర్తను వెంగళరావు నగర్‌లో తమ్ముడి ఇంటికి తీసుకుపోయిందని తెలిసింది. కిటికీ కింద ఇంకో కంపెనీ వ్యాను ఆగింది. ఆ గది ఖాళీ కాబట్టి మళ్లీ ఫిర్యాదు రాలేదు. ఆఫీసరు దాన్ని పరిష్కారమైన వాటిలో చేర్చమన్నాడు. రిజిస్టరు నా దగ్గరే ఉండేది. చేర్చాను.