ఎల్‌బీ నగర్ దాటిన మట్టయ్య

“...గది కాదు నేనడిగేది, బండెక్కి ఒచ్చినవా లేదా? గది చెప్పు.”

“ఆల్లు ఎక్కిచ్చిన్రు. నేను ఎక్కలే.”

“రెండిట్ల ఫరకేంది?”

అల్మాస్‌గూడలో ఆ ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. అందులో ఖాళీ టమాటా ట్రేలు, ట్రేల మధ్య ఒక సైకిల్, సైకిల్ పక్కన మట్టయ్య. అతను ఇంకా దిగలేదు. దిగితే భార్య సుమిత్రమ్మకు మరింత దగ్గరవుతాడు.

మట్టయ్య దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ మధ్య షేర్ ఆటో నడిపాడు. మెట్రో రాకముందు నుంచీ నడిపాడు, వచ్చాక కూడా కొన్నాళ్ళు పంతం కొద్దీ నడిపాడు. రోజూ ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా పోవడం, బండి వెనక్కి తిప్పడం. విజయవాడ రోడ్డు మాత్రం ముందుకు పోతూనే ఉండేది. బస్సులో ఆ దారిన పోయాడు గానీ, తన చేతుల్లో హ్యాండిల్ పెట్టుకొని ఎన్నడూ పోలేదు. ఆటో అమ్మేశాక సైకిల్ కొన్నాడు. విజయవాడ దాకా తొక్కుతానన్నాడు, మధ్యలో ఏ బండీ ఎక్కనన్నాడు.

ఆ పొద్దున మొదటిసారి బయల్దేరితే, చౌరస్తా రాగానే సైకిల్ అలవాటుగా వెనక్కి తిరిగింది. ఆ సంగతి కొత్తపేట వచ్చాక గాని తెలియలేదు. మళ్ళీ తిప్పుకొని హయత్‌నగర్ చేరాడు. అక్కడ రోడ్డు పక్కన సంచితో ఒకామె నిలబడి ఉంది. నిలబడ్డ మనిషిని చూస్తే మట్టయ్య చేతులు బ్రేకు వేస్తాయి. వేశాయి.

“ఎక్కడికమ్మా?” అని కూడా అడిగాడు.

ఆమె పేరు పూలమ్మ. చెమటలు కారుస్తూ, రొప్పుతూ సైకిల్ మీద వచ్చి తననే ఎక్కడికని అడుగుతున్న పెద్దమనిషి ఇంట్లో కొట్లాడి వచ్చాడని ఆమె తేల్చుకుంది.

“నువ్వెక్కడికన్నా?”

“విజయవాడకు.”

“నా మొగడు గిట్లనే అలిగి కాశికి పోతనన్నడు. ఉప్పల్‌ల దొరికిండు. రా, జర తిని పో.”

ఉప్మా పెట్టింది. అతను తింటుండగా అతని ఫోన్ నుంచే సుమిత్రమ్మకు చేసి, “అక్కా, మనిషి దొరికిండు, పరేషాన్ గాకు,” అంది. తరువాత మరిది టమాటా ట్రాలీలో ఇంటికి సాగనంపింది.

“దొరికిండంట!” అంది సుమిత్రమ్మ, ట్రాలీ వెళ్ళిపోయాక. “నువ్వు తప్పిపోయినవని నాకే తెల్వకపాయె. ఇంకోపారి బండెక్కి ఇంటికొస్తె గీ సైకిల్ పాతసామాన్లోనికిస్త. పోతె తొక్కుకుంట పో, లేకుంటె కూసో.”

రెండోసారి సైకిల్ ముందు ఒక అట్ట కట్టుకున్నాడు: ‘ఇంట్ల అందరు మంచిగున్నరు. సరదాకు హైదరాబాద్‌కెల్లి విజయవాడ పోతున్న.’

దాన్ని చదవడానికి అందరూ ఆపారు. చదివినవాళ్ళు ఊరికే పంపలేదు. ఒకామె గ్లాసు ఖాళీ కానివ్వకుండా మజ్జిగ పోసింది, దాంతో ఆ తరువాత తుమ్మచెట్టు కనిపించిన ప్రతిచోటా దిగాల్సి వచ్చింది. ఒకాయన మోకాళ్ళకు నూనె రాశాడు, అది జారి పెడళ్ళకు అంటుకుంది. ఇంకొకాయన పుచ్చకాయ ఇచ్చాడు. వద్దంటే బాధపడేటట్టున్నాడు.

చౌటుప్పల్ దాటాక రోడ్డు పక్కన గుడ్ల వ్యాన్ ఆగి ఉంది. డ్రైవర్ నిలబడి మొహం మీద నీళ్ళు చల్లుకుంటున్నాడు. మట్టయ్య చేతులు బ్రేకు వేశాయి.

“ఎక్కడికి బిడ్డా?”

“విజయవాడ కాకా. నిద్ర ఆగుతలేదు. చిట్యాల దాంక పక్కన కూసోని ముచ్చట పెట్టరాదు?”

“నేను బండెక్కొద్దు.”

“మరి నేను నిద్రవోతె?”

మట్టయ్య సైకిల్ దిగాడు.

“నేను పోతలేను. నీకు సాయం ఒస్తున్న,” అని ముందే ఖరారు చేసుకొని ఎక్కాడు. డ్రైవర్ పేరు శైలేందర్. సైకిల్‌ను, పుచ్చకాయను గుడ్ల పక్కన సర్దాడు. మట్టయ్య షేర్ ఆటో ముచ్చట్లు మొదలుపెట్టాడు. కోచింగ్ సెంటర్లు వదిలే వేళ రద్దీ ముచ్చటకు వచ్చేసరికి శైలేందర్ నిద్ర పూర్తిగా ఎగిరిపోయింది. మట్టయ్య నిద్రపోయాడు.

కళ్ళు తెరిచేసరికి వ్యాన్ గొల్లపూడిలో, విజయవాడ అంచున ఉంది.

“చిట్యాల ఏడ?”

“మంచిగ నిద్రవోతున్నవ్ కాకా. లేపబుద్ధి గాలే. తొవ్వ పొడుగూత హారన్ గూడ కొట్టలే.”

సైకిల్‌ను వ్యాన్ నుంచి దించడం చూడని టీకొట్టు ఉదయలక్ష్మి దాని మీది అట్టను చదివింది.

“హైదరాబాద్ నుంచి తొక్కుకుంటూ వచ్చారా బాబాయ్‌గారూ? ఈ వయసులో!”

“లేదమ్మా. చౌటుప్పల్ దాంకనే తొక్కిన.”

“ఎంత అణకువ చూడండి!” అని ఆమె కొట్టు దగ్గరున్న వాళ్ళందరినీ పిలిచింది. పునుగులు పెట్టారు. భుజం మీద చేయి వేసి ఫొటోలు దిగారు. మట్టయ్య ప్రతి ఫొటోలోనూ ఏదో చెప్పబోతున్నట్టే పడ్డాడు.

సుమిత్రమ్మ ఫోన్ చేసింది.

“యాడున్నవ్?”

“విజయవాడల.”

“పొద్దుగాల పోయి గప్పుడే ఎట్లొచ్చినవ్?”

“నిద్రవోయిన.”

“సైకిల్ మీదనా?”

చెప్పాడు.  ఆమె మెల్లగా, “సరే, బస్సెక్కి రా. సైకిల్‌కేం కాదు. విజయవాడ దాంక తొక్కినవనే చెప్త అందరికి,” అంది.

శైలేందర్ ఆఖరి గుడ్ల ట్రే దించుతున్నాడు.

“బిడ్డా, వాపసు ఖాళీగనే పోతవా?” అని అడిగాడు మట్టయ్య.

“ఆఁ, గిప్పుడే.”

“నన్ను ఎక్కిచ్చుకున్న కాడనే దించు.” ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. “సుమిత్రా, చౌటుప్పల్‌కు వాపసు పోతున్న. ఆడికెల్లి మళ్ల తొక్కుత.”