బ్యాటరీ మీద ప్రార్థన నూనె

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక, తార్నాకలోని మా మందిరం ఆవరణలో పాస్టరమ్మగారి కారు రిమోట్ తాళం పనిచేయడం మానేసింది. సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి మూత విప్పాను. నాణెమంత బ్యాటరీని మార్చి, లోపలి రేకులను స్పిరిట్ దూదితో తుడిచాను. ముక్కును గుచ్చే ఆ చల్లని వాసనకు వెంకటయ్య సార్ గుర్తొచ్చారు. ఇప్పుడాయన లేరు.

విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగపు వర్క్‌షాపుకు ఆయనే పెద్ద. వారాసిగూడ నుంచి పాత స్కూటర్ మీద వచ్చేవారు. పెద్ద చదువు లేదు. అయినా పాడైన పరికరాలు పట్టుకుని ప్రొఫెసర్లు ఆయన బల్ల ముందు నిలబడేవారు. కాంట్రాక్టు మీద ఆయన దగ్గర చేరిన టెక్నీషియన్ని నేను. ఆ వర్క్‌షాపులో మొదటి ఆడమనిషిని కూడా. బాగుచేసిన ప్రతి వస్తువుకూ చేసినవాళ్ల పేరు రాసి చీటీ కట్టాలన్నది ఆయన నియమం. "బాగైతె మన పేరు, ఖరాబైతె ఎవని పేరు? రెండిటికి ఒక్కటే చీటీ బిడ్డా" అనేవారు.

మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చిన సంఘ సేవకుడు. అక్షరాలకన్నా ముందు నాకు బైబిలు కంఠత వాక్యాలు వచ్చాయి. ఆ రోజుల్లో నా భక్తికి తొందర ఎక్కువ. ప్రార్థన చేసిన ఒలీవ నూనె సీసా ఎప్పుడూ నా దగ్గర ఉండేది. ఉదయాన్నే పనిముట్లకు, బల్లకు, గుమ్మానికి ఆ నూనె రాసి గానీ పని మొదలుపెట్టేదాన్ని కాదు.

నా కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని తేల్చే వారమది. మా విభాగం హెడ్ మేడం సంతకం పెడితేనే ఉద్యోగం. అదే వారం ఆవిడ తన కారు తాళం తెచ్చారు. "గ్రేస్, బటన్ నొక్కితే పలకట్లేదు. సాయంత్రానికి అయిపోతుందా?" సార్ ఆ రోజు సెలవు. తార్నాక చౌరస్తాలో కొత్త బ్యాటరీ కొని తెచ్చాను. పెట్టే ముందు కళ్లు మూసుకుని ప్రార్థించి, బొటనవేలు నూనెలో ముంచి, బ్యాటరీ మీద సిలువ గుర్తు వేశాను. మూత బిగించి నొక్కితే కింద కారు లైట్లు మెరిశాయి. స్తోత్రం చెప్పుకుని, నా పేరు చీటీ కట్టి పంపాను.

మర్నాడు పొద్దున్నే అటెండర్ యాదగిరి ఆ తాళం తిరిగి తెచ్చాడు. "ఏం జేసినవ్ గ్రేసమ్మా? నిన్న సాయంత్రం మేడం ఎంత ఒత్తినా తలుపు తెరుచుకోలే. ఆటోల వోయింది. మస్తు గుస్స మీదున్నది."

మూత విప్పాను. నూనె రేకుల కిందికి పాకి, కరెంటు అందకుండా పొరలా పట్టింది. చీటీ విప్పి జేబులో వేసుకున్నాను.

అంతలో సార్ వచ్చారు. బ్యాటరీ అందుకుని వాసన చూశారు. "కొబ్బరినూనె గాదు. ఏంది బిడ్డా ఇది?" చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆయన నవ్వలేదు.

"నా కొడుక్కి పానం బాగ లేనప్పుడు గుడికి వోయిన, మౌలాలి దర్గకు వోయిన, మీ పాస్టర్ సాబ్‌తోని నూనె గూడ రాయించిన. నేనేమంట? గని నెత్తికి రాసేది నెత్తికే రాయాలె." స్పిరిట్ దూదితో రేకులు తుడిచి, బ్యాటరీ పెట్టి, తల ఎత్తకుండానే అడిగారు, "చీటీ ఏది?"

"ఎక్కడో పడిపోయినట్టుందండి."

ప్రతి ఆదివారం పిల్లలకు సత్యం గురించి పాఠం చెప్పే నోటితో ఆ మాట అన్నాను.

"అట్లనా. అయితే నా పేరు రాయాల్నా? రాస్త. నా నౌకరి ఎక్కడికీ పోదు." ఆయన నిజంగానే కలం తీశారు. అందులో ఎత్తిపొడుపు లేదు. నా కోసం నింద మోయడానికి సిద్ధమైన మనిషి ఎదురుగా ఉన్నాడు. జేబులో చీటీతో నేనున్నాను. ఆయనది మా సంఘం కాదు. అయినా నేను వల్లించిన వాక్యమంతా ఆ క్షణంలో ఆయన చేతిలో కనబడింది.

చీటీ తీసి కట్టాను. "నేనే వెళ్లి చెబుతానండి" అన్నాను.

హెడ్ మేడం గది వరండాకు ఆ చివర. నడుస్తుంటే నా గుండె చప్పుడు నాకే వినిపించింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అంతా విని ఆవిడ కళ్లద్దాలు తీశారు. "నూనా? బ్యాటరీకా?" అద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకుని, "మీ సార్ పంపారా?"

"లేదు మేడం. నేనే వచ్చాను."

"ప్రార్థన మానొద్దులే. కానీ నా కారుకి మాత్రం దూరం నుంచి చెయ్యి."

నా పొడిగింపు కాగితం మీద ఆవిడ సంతకం పెట్టారు. పైన ఒక వాక్యం కూడా రాశారు: తప్పు చేస్తే తానే వచ్చి చెబుతుంది.

ఆ కాగితం చూపిస్తే సార్ రెండుసార్లు చదివారు. "సంతకం వెట్టకపోయినా నువ్వు వోయినవ్ గదా. గదే లెక్క" అని మళ్లీ పనిలో పడ్డారు.

గర్వం పాపమని నేర్చుకున్నదాన్ని. అయినా వెంకటయ్య సార్ దగ్గర పని నేర్చుకున్నానని తల ఎత్తే చెబుతాను. ఇప్పుడా వర్క్‌షాపుకు నేనే పెద్దని. నా చేతిలో ఏదైనా పాడైతే ఈనాటికీ గుండె అలాగే కొట్టుకుంటుంది, నోట్లో ఒక అబద్ధం సిద్ధంగా ఉంటుంది. అది బయటికి రాకముందే లేచి వరండాలోకి నడుస్తాను.