ఇద్దరుంటేనే ఒంటికెక్కే చొక్కా

ముందే చెప్పేస్తున్నాను, నాకు గోరంతను కొండంత చేసే జబ్బుంది. మా ఇంట్లోవాళ్లు నేను చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని కూడా ఇంకొకరిని అడిగి గానీ నమ్మరు. మీరూ అలాగే చదవండి. నా ఈడువాళ్లయితే ఎక్కడెంత తీసేయాలో నేను చెప్పనక్కర్లేదు.

మొన్న మా ఆవిడ తొర్రూరులో పుట్టింటికి వెళ్లింది. ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే వంటింట్లో చింతపండు నానే చప్పుడు ముందుగదిలో కూర్చున్న నాకు వినపడింది. ఏమీ తోచక అటక మీది ఇనుపపెట్టె దించితే, అడుగున నా పాతికేళ్ల కిందటి బెంచ్ షర్టు కనిపించింది. పవర్‌లిఫ్టింగులో బల్ల మీద వెల్లకిలా పడుకుని, బరువును రొమ్ముకు ఆనించి పైకి తోసే పోటీ ఒకటుంటుంది. అందుకోసం తొడిగే చొక్కా అది. చొక్కా అంటున్నాను గానీ, గుడారం గుడ్డకు ఏనుగు తోలుతో అస్తరు వేసి కుట్టినట్టుంటుంది. దాని చేతులు రెండూ ముందుకు సాగి ఉంటాయి, ఎవరినో కౌగిలించుకోబోయి మధ్యలో మానుకున్నట్టు.

బుద్ధి గడ్డి తిని దాన్ని తొడగబోయాను. మోచేతుల దాకా ఎక్కింది, తల సగం దూరింది, ఆపైన నేను ఇటూ కాలేదు, అటూ కాలేదు. ఒక యుగం గడిచాక, అంటే గ్యాస్ బండ తెచ్చిన అతను తీసి ఉన్న తలుపులోంచి తొంగిచూసేదాకా, చేతులు పైకెత్తుకుని హాల్లో నిలబడిపోయాను.

“ఏమైంది సార్, గట్ల చేతులు లేపి నిలబడ్డరు? ఇంట్ల దొంగలు గిట్ల పడ్డరా?” అన్నాడతను. బండ దించి, నా వెనక్కి వచ్చి, కోడి ఈకలు పీకినంత సులువుగా చొక్కా లాగేసి, “గిది ఒక్కలు ఏసుకునేది కాదు గద సార్” అని నవ్వుకుంటూ మెట్లు దిగిపోయాడు. ఆ రోజంతా నేనిక ఇంకో పని చేయలేకపోయాను.

ఒక్కరు వేసుకునేది కాదని మాకు ఆ రోజుల్లోనే తెలుసు. మాకు అంటే నాకూ, మా మేనత్త కొడుక్కీ. ఆయన నాకు బావ. మిర్చి మార్కెట్లో బస్తాలు మోసేవాడు, సాయంత్రం ఖిలా వరంగల్ పోయే దారిలో ఉన్న రేకుల షెడ్డు జిమ్ముకు వచ్చేవాడు. ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే షెడ్డులో ఉన్నవాళ్లమంతా వరసగా తుమ్మేవాళ్లం. ఆ తుమ్ములకు పైరేకులు లేచి పడేవి. నేను భుజాన బరువు పెట్టుకుని గుంజిళ్లు తీసే రోజుల్లో నా మోకాళ్లకు సాగే పట్టీలు చుట్టేది బావే. ఎంత కడుక్కున్నా ఆయన చేతుల్లో కారం పోయేది కాదు కాబట్టి, నేను అంత వేగంగా పైకి లేవడం నా బలం వల్లో ఆ మంట వల్లో ఇప్పటికీ తేల్చుకోలేను.

మా మేనత్త భర్త పోయినప్పటినుంచి బీడీలు చుట్టి కొడుకును పెంచింది. ఒళ్లో చేట, చేటలో ఆకు, ఆకు మీద వంగిన మెడ, ఇంకో భంగిమలో ఆమెను చూసిన గుర్తు నాకు లేదు. రాష్ట్రస్థాయిలో మెడల్ వస్తే ఆటల కోటాలో ఉద్యోగం ఇస్తారని, ఉద్యోగం వస్తే ఆ చేటను అటకెక్కిస్తానని బావ పట్టు. మాకు ఆ పోటీ మెడల్ కోసం కాదు, మేనత్త మెడ కోసం.

అప్పుడే మా ఉస్తాద్, పాతకాలపు కుస్తీ మనిషి, హైదరాబాదులో ఎవరినో పట్టుకుని కొత్త బెంచ్ షర్టు తెప్పించాడు. అది వేసుకుంటే మామూలుగా ఎత్తేదానికంటే ఎంతో ఎక్కువ లేస్తుందని ఆయన విన్నాడే గానీ, అంతకుముందు దాన్ని కళ్లజూసినవాడు కాదు. అత్త చొక్కాకు ఓ మూల పసుపు పెట్టి, పెట్టెలో పట్టుచీర పక్కన దాచింది. మేము ఓసారి వేసి చూస్తామంటే కళ్లెర్రజేసింది. “కొత్త బట్ట ముందుగాల్నే ఏసి మాపుతరార? పోటీ నాడే ఏసుకోవాలె.” ఉస్తాద్‌కూ అదే సబబనిపించింది. మా ఇళ్లల్లో కొత్త బట్టను పండగకు ముందు ఒంటి మీద వేసుకోవడమంటే దేవుడికి పెట్టకముందే పులిహోర తిన్నట్టు.

పోటీలు హన్మకొండలోనే జరిగాయి. ఉస్తాదూ నేనూ చెరోవైపు పట్టి, బావను ఆ చొక్కాలోకి దిగగొట్టాం. బల్ల మీద పడుకున్నాడు, బరువు అందుకున్నాడు, కిందికి దించాడు. రొమ్ముకు నాలుగు వేళ్ల ఎత్తులో బరువు ఆగిపోయింది. ఎంత లాగినా దిగదు. కొత్త గుడ్డ బిగుసుకుని బరువును గాల్లోనే పట్టేసింది. రొమ్ముకు ఆనకుండా ఎత్తితే లెక్కలోకి రాదు. నేను పక్కనుంచి “దించు బావా, దించు!” అని ఓరుగల్లు కోట రాళ్లు కదిలేలా అరిచాను. ఉన్న మూడు అవకాశాలూ అలాగే గాల్లో పోయాయి. ఉస్తాద్ తలపాగా తీసి నేలకు కొట్టి, “ఎత్తలేనోణ్ని మస్తుగ జూసిన గని, దించలేనోణ్ని ఇయ్యాల్నే జూస్తున్నరా!” అన్నాడు. జనం నవ్వారు. బావ చొక్కా విప్పమని నా వైపు చేతులు చాచాడు, ముఖం మాత్రం గోడవైపు తిప్పుకున్నాడు.

గుంటూరు నుంచి వచ్చిన లిఫ్టరొకాయన మా దగ్గర కూర్చుని, “కొత్త చొక్కాతో నేరుగా పోటీకి వస్తారటండీ ఎవరైనా? మీరు సాధన చేసినట్టే దానిచేత కూడా చేయించాలి” అని ఓపికగా చెప్పాడు. మరుసటి ఏడంతా ఆయన చెప్పినట్టే నడిచాం. ముందు నెలలు ఒట్టి ఒంటితోనే, బలం మనదై ఉండాలని. తర్వాత బరువులు పెరిగినప్పుడు నడుముకు బెల్టు. పోటీకి కొన్ని వారాలున్నాయనగా వారానికొక్కసారి చొక్కా. అదీ ఒకేసారి రొమ్ముదాకా దించకుండా, రొమ్ము మీద చెక్కలు పేర్చి బరువును వాటికి ఆనించి లేపడం, గుడ్డ లొంగేకొద్దీ ఒక్కో చెక్క తీసేయడం. విరిగిన మామిడిపళ్ల పెట్టె చెక్కలవి. వాటిని బావ రొమ్ము మీద కదలకుండా పట్టుకోవడం నా పని. బరువు దిగినప్పుడల్లా చెక్కల్లోంచి ఆయన గుండె నా అరచేతుల్లో కొట్టుకునేది. ఆ తర్వాత నా చేతులకు అంత ముఖ్యమైన పని ఎవరూ చెప్పలేదు.

ఒక్కో చెక్కా పోయింది. చివరి చెక్క తీసేసిన రోజు బరువు నేరుగా రొమ్ముకు ఆనింది. ఆ ఏడు పోటీలో కూడా ఆనింది, లేచింది. మెడల్ వచ్చింది, కొన్నాళ్లకు ఉద్యోగమూ వచ్చింది, నాగపూర్ అవతల ఎక్కడో. అత్త చేటను అటకెక్కించి కొడుకు వెంట బయల్దేరింది. మేము కోరుకున్నదంతా జరిగింది. అందులో ఆయన వెళ్లిపోవడం కూడా ఉందని మాత్రం నేను ముందుగా లెక్కేసుకోలేదు. చొక్కా నీకే ఉండనీ అని ఇచ్చాడు. కాజీపేట స్టేషన్లో బండి కదులుతుంటే తలుపు దగ్గర నిలబడి, “బామ్మర్దీ, నేనొచ్చేదాంక మోకాళ్లు ఎవ్వనితోని కట్టించుకోకు, నేనే కడ్త!” అని కేక వేశాడు. ఆ తర్వాత నేను ఎవరినీ అడగలేదు. బెల్టు ఒక్కడినే పెట్టుకోవచ్చు. పట్టీలు ఒక్కడినే చుట్టుకోవచ్చు గానీ బిగువు రాదు. చొక్కా సంగతి మీకు తెలిసిందే. మెల్లగా షెడ్డుకు పోవడం మానేశాను.

ఇప్పుడు మా వీధి చివర అద్దాల జిమ్ము ఒకటి వచ్చింది. ఒకసారి వెళ్లి చూశాను. మోకాళ్లకు తొడుగులున్నాయి, ఎవరికి వారే మేజోళ్లలా వేసుకుంటున్నారు. బరువు జారితే ఆపడానికి ఇనుప కమ్ములున్నాయి, పక్కన మనిషి అక్కర్లేదు. చెవుల్లో పాటలు, ఎదురుగా స్టాండులో ఫోను. ఎవరి ఒంటికీ ఎవరి చెయ్యీ తగలకుండా అందరూ హాయిగా బలపడుతున్నారు. మంచిదే. ఎవరు ఊరు విడిచిపోయినా వాళ్ల సాధన ఆగదు. నేను అరగంట నిలబడి, తుమ్ము కూడా రాక, బయటికి వచ్చేశాను.

ఇక తీసివేతల లెక్క. లేచిపడిన రేకులూ, ఏనుగు తోలూ, కదిలిన కోట రాళ్లూ, ఇవన్నీ కొంచెం నీళ్లు కలిపిన పాలు, పాలు కాకపోలేదు. పూర్తిగా అల్లింది ఒక్కటే. బండి కదిలేటప్పుడు బావ ఏమీ అనలేదు. అత్తకు చోటు వెతుకుతూ లోపలికి పోయాడు. నేను కిటికీ కిటికీలోకీ చూసుకుంటూ ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాను. ఆ కేక ఇంటికి తిరిగి వస్తూ దారిలో నేనే కల్పించుకున్నాను.

మోకాళ్లు కట్టమని ఎవరినీ అడగకపోవడం మాత్రం నిజం.