లాభం తర్వాత రెండు

మీరు నెలనెలా కొనే కందిపప్పులో రైతు ఉత్తపుణ్యానికి ఇచ్చింది ఎంత ఉందో ఎప్పుడైనా అడిగారా? నేనూ అడగలేదు. జనవరి చివర్లో ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ దాకా వెళ్లాకే ఆ ప్రశ్న నాకు తట్టింది.

ఈ ప్రయాణానికి మూలం కాఫీ. కరీంనగర్‌లో మా వీధి చివర రాజేందర్ కాఫీ హోటల్ నడుపుతాడు. గింజలు తోటల వాళ్ల దగ్గరే నేరుగా కొంటాడు. ఆ సంగతి హోటల్ గోడ మీద "దళారి లేని కాఫీ" అని పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. కాఫీకి కుదిరింది కందులకు ఎందుకు కుదరదని ఒకరోజు అడిగాను. వీధిలో కొన్ని ఇళ్లవాళ్లం డబ్బు పోగేసి, అతని చుట్టం ద్వారా ఇచ్చోడ పక్క ఊళ్లో లస్మన్న, భూమవ్వ అనే దంపతుల కందులు మాట్లాడుకున్నాం.

పొద్దున ఆరింటికి నేనూ రాజేందరూ నిర్మల్ బస్సెక్కాం. నేను ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. రాజేందర్ పర్సు తీశాడు.

"అక్కా, నీకు ఉత్తగనే, నాకు పైసలు. గిదేం న్యాయం?"

"నా టికెట్‌కు సర్కారు కడుతది తమ్మీ. ఉత్తగ ఏదీ రాదు" అన్నాను.

ఆర్మూర్ దాటి గోదావరి వంతెన మీదికి రాగానే పక్క సీటు ముసలామె కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టింది.

"గంగమ్మకు రూపాయితోని ఏం పని అవ్వా?" అని అడిగాను.

"నీకేం పని? చాయ్ తాగితే పైసలియ్యవా? గామె నీళ్లిస్తది" అంది.

ఆమె గెలిచిందని నేను ఒప్పుకోను. వంతెన అయిపోయింది, అంతే.

నిర్మల్‌లో దిగేసరికి పదిన్నర. ఈ దారిన వెళ్లేవారు అక్కడే కడుపు నింపుకోండి. మేం బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని ఆదిలాబాద్ బస్సు పట్టుకున్నాం. ఘాటు రోడ్డు ఎక్కాక ఎండలోనూ చలి తగ్గలేదు. పన్నెండున్నరకు ఇచ్చోడలో దిగి, ఆటోలో ఊరు చేరాం.

వాకిట్లో టార్పాలిన్ మీద కందుల కుప్ప. భూమవ్వ మంచినీళ్లిచ్చి, మేం కూర్చోకముందే విషయం చెప్పేసింది.

"పొద్దున షావుకారు మనిషి వచ్చిపోయిండు. ఇస్తే అంత తనకే ఇయ్యాలెనట. లేకుంటే వచ్చే యేడు మా గడప తొక్కడట. ఈయేడు మీకిస్తం. మల్ల మీరు రాకపోతే మేం ఎటు పోవాలె?"

వస్తామన్నాను. ఆ మాట ఎవరైనా అంటారు. ఆమె ముఖం చూస్తే నమ్మినట్టు లేదు.

లస్మన్న కుంచంతో కందులు ముంచి బస్తాలో పోస్తూ "లాభం" అన్నాడు. రెండో కుంచానికి "ఒకటి" అన్నాడు. మూడోదానికి "రెండు".

మా నాయనమ్మ కూడా ధాన్యం కొలిచేటప్పుడు మొదటిది "లాభం" అనేది. ఒకటి అంటే ఒంటరి అట, ఏడు అంటే ఏడుపట! అంకెలకు కూడా అరిష్టం అంటగట్టిన జాతి మనది. ఆ ముక్కే అక్కడ దంచుదామని నోరు తెరిచి ఆగిపోయాను. నాయనమ్మ నోట లాభం తర్వాత రెండు వచ్చేది. ఇక్కడ ఒకటి వచ్చింది.

"ఆగు లస్మన్నా. లాభం తర్వాత రెండు గదా?"

"అది ఇంట్ల కొలుచుకుంటే మేడం. అమ్మేటప్పుడు లాభం లెక్కల రాదు, కొనేటోళ్లది. షావుకారు కాడ అలవాటే. బస్తకొక్క కుంచం."

రాజేందర్ నా మోచెయ్యి గిల్లి, "ఇస్తుంటే ఒద్దంటవేందక్కా? మనం అడిగినమా?" అన్నాడు.

"అయితే నీ గోడ మీది రాత తుడిపెయ్యి. గా కుంచం మనం తీసుకుంటే షావుకారుకు మనకు ఫరకేంది?"

లస్మన్నకు కోపం వచ్చింది. "మా బాపు కాలం నుంచి గిదే లెక్క. లాభం అనకుంటే కుప్పల బర్కత్ ఉండదు, ఇల్లు నిండదు."

"అను, ఒద్దంటలేను. ఎవరికి లాభమో చెప్పి అను."

భూమవ్వ పకపకా నవ్వింది.

"చెప్పవేందయ్యా? ఇన్నేండ్లు లాభం లాభం అని నువ్వు నోటితోని అంటివి, వాడు బస్తల ఏసుకపాయె. బోర్లియ్యి. మొదటి నుంచి కొలువు."

లస్మన్న కదలకపోయేసరికి ఆమే బస్తా బోర్లించి కుంచం అందుకుంది. "లాభం" అని పోసి, రాజేందర్ వైపు తిరిగింది. "ఓ కాఫీ సేటూ, ఒకటని రాసుకో. ఇగో, రెండు."

మూడో బస్తాకు లస్మన్న వచ్చి కుంచం తీసుకున్నాడు. "లాభం, రెండు" అన్నాడు, కొంచెం గట్టిగానే. ఆఖరి బస్తా మూతి కుట్టాక షావుకారు మనిషికి ఫోన్ చేసి, కందులు లేవని చెప్పాడు.

భూమవ్వ ఆటో దాకా వచ్చింది. "వచ్చే యేడు రాకపోతే కరీంనగర్ వచ్చి హోటల్ ముంగట కూసుంట."

"రా అక్కా, కాఫీ పోస్త" అన్నాడు రాజేందర్.

"నీ కాఫీ ఎవలికి గావాలె? కందులు కొను."

సాయంత్రం ఐదింటి బస్సు. కండక్టర్ నాకు జీరో టికెట్, బస్తాలకు లగేజీ టికెట్ కొట్టాడు. రాజేందర్ గొణగకుండా కట్టాడు. ఘాటు దిగుతుండగా అడిగాడు.

"అక్కా, తోటోళ్లు నాకు కాఫీ గింజలు జోకినప్పుడల్ల మీద ఇంకింత ఏస్తరు. మంచోళ్లు, ప్రేమతోని ఏస్తరనుకున్న. గది గూడ గిదేనా?"

"నన్ను కాదు, వాళ్లను అడుగు" అన్నాను.

ఘాటులో సిగ్నల్ లేదు. నిర్మల్‌లో బస్సు ఆగగానే ఫోన్ పట్టుకుని దిగాడు.

దళారిని తప్పించినంత మాత్రాన దోపిడీ తప్పదు. అతని కొలత మన చేతికి వస్తే మనమే దళారులం. మీ వీధివాళ్లను కూడగట్టుకుని వచ్చే జనవరిలో రైతు వాకిటికి వెళ్లండి. కొలిచేచోట నిలబడి చెవి పెట్టండి. లాభం తర్వాత ఒకటి వినబడితే కొలత ఆపించండి, బస్తా బోర్లించండి, మొదటి కుంచానికీ డబ్బు కట్టండి. మరుసటి ఏడు కూడా వెళ్లండి.