ఉస్తాద్ రాయి, నా పుచ్చకాయ

మా దిక్కు లారీ చప్పుడు వినబడితే జనం చేతిల ముద్ద చేతిలనే పట్టుకొని జొన్నచేన్లకు ఉరికే రోజులవి. మొదట లారీ అంటే రజాకార్లు, పోలీసుచర్య అయినంక లారీ అంటే మిలిటరీ. ఎవలది అయితేంది, లారీ వచ్చుడు మంచికి కాదని ఊర్లకు ఊర్లు ఒక మాట మీద ఉండె. సరిగ్గ అసుంటి కాలంల నేను లారీ తోలుడు నేర్చుకున్న. నన్ను చూసి జనం ఉరికిండ్రంటే మాత్రం అందుల రజాకార్ల తప్పు లేదు, మిలిటరీ తప్పు లేదు. (ఒకనాడు బండి రోడ్డు దిగి ఒక అవ్వ కోళ్ళగూడు దాకా పోయింది. ఆమె గంప అడ్డం పెట్టుకొని, "మిలిటరోళ్ళే నయం బిడ్డా, వాళ్ళు రోడ్డు మీదనే పోతరు" అన్నది. నా డ్రైవరు జిందగీల నాకొచ్చిన మొదటి సర్టిఫికెటు అది.)

నాది నాలుగో జమాతు చదువు. ఉర్దూ పంతులు ఎట్ల నడుస్తడో తోటి పిల్లలకు నడిచి చూపిస్తుంటే, పంతులే వెనక నిలబడి ఆసాంతం చూసిండు. ఆ నాటితోటి బడి బందయింది. బాపు నన్ను నాగలికి పెట్టి చూసి, "వీడు ఎద్దులతోని గూడ మస్కిరీలు, ఎగతాళ్ళు చేస్తడు, సాలు వంకర పోతాంది" అని చేతులెత్తేసిండు. నాకు పంతొమ్మిది నిండినయి గని ఒక్క పనిల గూడ కుదురు లేదు. అప్పుడు దేవరకొండల పల్లికాయ కొని పట్నం పంపే సేటు ఒకాయన యుద్ధంల అరిగిపోయిన మిలిటరీ లారీని కొన్నడు. తోలేటోళ్ళేమో రజాకార్ల గడబిడల ఎటోళ్ళటు పోయిండ్రు. నలుగురు పిల్లగాండ్లను డ్రైవర్లను చేద్దామని సేటు పాలమూరు నుంచి ఒక ఉస్తాద్‌ను పిలిపించిండు. ఆ నలుగుర్ల నేనొకణ్ణి.

ఉస్తాద్ యాభై దాటిన సాయిబు. తెల్లగడ్డం, మోచేతుల కాడ చిరిగిన ఖాకీ కోటు. గడబిడల ఎవలో తుపాకి పెట్టి లారీ తోలుమంటే తోలిండు. ఆ పాపానికి పోలీసుచర్య తర్వాత నెల రోజులు మిలిటరీ క్యాంపుల కూసోబెట్టిండ్రు. ఇడిసిపెట్టేటప్పుడు, "నీ మీద చిన్న లొల్లి వినబడ్డా మళ్ళ లోపలికే" అని చెప్పి పంపిండ్రట. అందుకే ఆయన మెల్లగ నడుస్తుండె, మెల్లగ మాట్లాడుతుండె, దగ్గు వచ్చినా అటిటు చూసి దగ్గుతుండె. నేను ఆ దగ్గును గూడ అనుకరించి మావోళ్ళను నవ్విస్తుంటి. (ఇది రాస్తుంటే ఇప్పుడు చెవులు కాలుతున్నయి. అప్పుడు కాలలే.)

ఆ లారీకి ఇప్పటి తీరు తాళంచెవి తిప్పితే లేచే ఇంజను లేదు. లోపల ఒకరు కూసుంటే, ముంగట ఇంకొకరు వంగి ఇనుప హ్యాండిలు గుండ్రంగ తిప్పాలె. లోపలోడు గేరు తీసుడు మర్చిపోయిండా, ఇంజను లేచుడు లేచుడే బండి ముందుకు దుంకుతది, వంగినోని మీదికే. హ్యాండిలు ఎదురు తిరిగితే మణికట్టు విరుగుతదని, మేము పక్కాగ నేర్చుకునేదాకా తిప్పుడు పని ఉస్తాద్‌దే. "మీ చేతులు మీ అమ్మలవి బేటా, నాయి నావే" అంటుండె. అంటే ఏందన్నట్టు? నేర్పేటోని పానం పొద్దుగూకులు నేర్చుకునేటోని చేతిల. అందుకే ఆయన మూడు పనులు పెట్టిండు. ముంగటి చక్రానికి రాయి అడ్డం పెట్టాలె. ఎక్కి, గేరు తీసి, గేరు కట్టె అటిటు ఊపి చూసుకోవాలె. అప్పుడు రెండు చేతులు పైకి లేపి చూపి, "ఖాళీ" అనాలె. ఆ చేతులు చూసినంకనే ఆయన వంగుతడు.

చేతులు లేపుడు నాకు పండుగ. ఊర్లల్ల మిలిటరోళ్ళు సోదా చేసేటప్పుడు జనం లేపినట్టు గజగజ వణుక్కుంట లేపి, "సర్కార్, నా కాడ తుపాకి లేదు, గేరు లేదు, ఖాళీ!" అని అరుస్తుంటి. మావోళ్ళు పొట్టలు పట్టుకునేటోళ్ళు. ఉస్తాద్ నవ్వకపోతుండె. "మస్కిరీ, చేతులు నాకు చూపి, మాట వాళ్ళకు చెప్తున్నవు" అని మాత్రం అంటుండె. నా పేరే మస్కిరీ చేసిండాయన.

ఇగ ఆ రాయి. వడ్డెరాయనతోని మూడు మూలలుగ కొట్టించిన నల్లరాయి, లేపాల్నంటే నడుము వంగాలె. గోనెబస్తల చుట్టి ఉస్తాద్ తన సీటు పక్కకు పెట్టుకుంటుండె, ఎండ తాకితే జరుపుతుండె. చక్రం ముంగట పెట్టుడు గూడ బస్తతోనే. మేము దానికి ఉస్తాద్ రెండో పెండ్లాం అని పేరు పెట్టినం. మోసీ మోసీ నాకు నడుము పట్టుకపోయింది. చేతులు లేపినం, గేరు తీసినం, ఇంక రాయెందుకు? ముసలాయన చాదస్తమని నా లెక్క.

ఎండకాలం, దేవరకొండల అంగడి రోజు. సేటు సామాను ఎక్కించుకోను పోయినం. అంగడి పక్కన రోడ్డు చదునుగనే ఉంటది, అయినా చెయ్యి బ్రేకు మీద నమ్మకం లేదని బండిని గేర్ల పెట్టి ఇంజను ఆపిన. ఆపినోణ్ణి నేనే, ఈ ముచ్చట గుర్తుంచుకోండి, నేను మర్చిపోయిన. ఉస్తాద్ నమాజుకు పోయిండు. అక్కడ డిండి వాగు ఇసుకల పండిన పుచ్చకాయలు కుప్ప పోసి ఉన్నయి. నాతో నేర్చుకునేటోడు ఒకడుండె, ఎండకాలం గూడ గొంగడి ఇడవకపోతుండె గనక వాణ్ణి గొంగడే అనేటోళ్ళం. వాణ్ణి గోకిన.

"అరే గొంగడీ, ఉస్తాద్ రెండో పెండ్లాన్ని ఒక్కనాడు పుట్టింటికి పంపుదామా?"

"అంటే?"

"బస్తల రాయికి బదులు పుచ్చకాయ చుట్టి చక్రం ముంగట పెడుత. ఇంజను లేచినంక ఆయన రాయి లేపబోయి బస్త విప్పుతడు. అప్పుడు ఆయన మొఖం చూడాలె! తర్వాత కోసుకొని అందరం తిందాం, ఆయనకు పెద్ద ముక్క."

"బండి కదిలితేనో?"

"గేరు తీస్తంగదరా, ఎందుకు కదులుతది?"

నిజమే, గేరు తీస్తే ఎందుకు కదులుతది. ఉస్తాద్ వచ్చిండు. నేను రాయి మోసినట్టు నడుము వంచి, మూలుక్కుంట పుచ్చకాయను మోసి చక్రం ముంగట పెట్టిన. గొంగడి గాడు గొంగడి నోట్లె కుక్కుకొని నవ్వు ఆపుకుంటుండు. వాణ్ణి చూస్తే నాకు నవ్వు, నన్ను చూస్తే వానికి. ఆ నవ్వులనే ఎక్కి కూసున్న. చుట్టు అంగడి జనం. ఇంతమంది నాకు ఇంకొకనాడు దొరకరు. చెయ్యి గేరు కట్టె మీదికి పోవాలె. పోలే. రెండు చేతులు గజగజ వణుక్కుంట పైకి లేసినయి.

"ఖాళీ?" అన్నడు ఉస్తాద్.

"ఖాళీ సర్కార్! తుపాకి లేదు, గేరు లేదు, బుద్ధి అసలే లేదు!"

జనం గొల్లుమన్నరు. ఆ ఒక్కనాడు ఉస్తాద్ గూడ నవ్విండు. నవ్వుకుంట తల ఊపి, వంగిండు.

ఇంజను ఒక్క తిప్పుకే లేచింది. బండి ముందుకు దుంకింది. చక్రం కింద ఫట్‌మని పగిలిన చప్పుడు, ఎర్రగ చిమ్మింది, ముంగట ఉస్తాద్ లేడు. "సాయిబు తలకాయ పగిలింది!" అని ఎవరో ఆడామె కేక పెట్టింది. బండి పది అడుగులు పోయి కంకర కుప్పకు తాకి ఆగింది. నేను దిగిన్నో, పడ్డనో తెల్వదు. పుచ్చకాయ నేనే పెట్టిన్నని తెలిసి గూడ, ఆ ఎరుపు నెత్తురే అనుకున్న.

ఉస్తాద్ రోడ్డు పక్క కాలువల కూసోని ఉన్నడు. కుడి ముంజేయి ఉండవలసిన తీరుల లేదు. తెల్లగడ్డం నిండ ఎర్ర రసం, నల్ల గింజలు. ఎడమ చేతితోని గడ్డంల నుంచి ఒక గింజ తీసిండు, దాన్ని చూసిండు, నన్ను చూసిండు, కింద ఇడిసిపెట్టిండు.

అంగడి కాడ్నే మిలిటరీ చౌకీ. జమేదారు ఇద్దరు జవాన్లతోని ఉరికొచ్చిండు. (అప్పటికే అంగడి మేకలు రెండు పుచ్చకాయను చాలావరకు సాఫు చేసినయి.) "ఎవరి తప్పు?" అని అడిగిండు హిందీల. పుట్టినప్పటి సంది ఒక్క గడియ రికామి లేని నా నాలిక నోట్లె ఎండిపోయి అంటుకుంది. గొంగడి గాడు మొఖం మీద గొంగడి కప్పుకున్నడు. ఉస్తాద్ కొంచెంసేపు నా దిక్కే చూసిండు. నెల రోజులు క్యాంపుల ఉన్న మనిషి, చిన్న లొల్లికి మళ్ళ లోపలికి పోయే మనిషి.

"నాదే సాబ్. రాయి పెట్టుడు మర్చిపోయిన."

"ఈ ఎరుపేంది?"

"పుచ్చకాయ సాబ్. పిల్లలు తింటరని కొన్న."

సేటు కాళ్ళ వేళ్ళ పడితే క్యాంపుకు తోలలే గని, లారీ నేర్పే పనైతే ఇడిపించిండ్రు. సేటు గూడ, "తన రాయి తానే మరిచేటోడు మీకేం నేర్పుతడు" అన్నడు. నేను పక్కనే ఉన్న, విన్న. చేతికి కట్టెలు కట్టుకొని ఉస్తాద్ పాలమూరు బస్సెక్కిండు. నాకు స్టీరింగు దొరికింది. రాయి లారీలనే మిగిలింది.

ఆరేండ్లకు పల్లికాయ లోడు మీద పాలమూరు పోయిన. దేవరకొండ నుంచి దారంత తప్పు ఎట్ల ఒప్పుకోవాల్నో గట్టిగ చదువుకుంట పోయిన. బస్టాండు వెనక చిన్న సైకిళ్ళ దుకాణంల దొరికిండు. వంకర చెయ్యి ఒళ్ళె పెట్టుకొని, ఎడమ చేతితోని గాలి కొడుతున్నడు. నన్ను చూసి, "అరే మస్కిరీ!" అని లేచిండు. చదువుకున్నది ఒక్క ముక్క యాదికి రాలే. లోపల నుంచి ఆయన బేగం పళ్ళెంల పుచ్చకాయ ముక్కలు పంపింది. నేను చెయ్యి పెట్టలే.

"తిను బేటా," అన్నడు ఉస్తాద్, "కొట్టి చూసి కొన్న. రాయి కాదు."

ఇన్నేండ్లు ఊరందరిని నవ్వించినోణ్ణి, నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక రెండూ ఒక్కసారే చేసిన. జర తేరుకొని అడిగిన.

"ఆ రోజు జమేదారు ముంగట తప్పు నీ మీద ఎందుకేసుకున్నవు ఉస్తాద్?"

"నువ్వు చెప్తవని జరసేపు చూసిన. నువ్వు చెప్పలే. ఇద్దర్ల ఒకరు చెప్పాలె గద బేటా," అన్నడు. గొంతుల కోపం లేదు. ఉంటే బాగుండు.

ఇప్పుడు నేనే పిల్లలకు నేర్పుతున్న. తాళం తిప్పితే లేచే బండ్లు, ముంగట ఎవరూ వంగే పని లేదు. అయినా ఆ మూడు మూలల రాయి చక్రం ముంగట పడాల్సిందే, రెండు చేతులు పైకి లేవాల్సిందే. పిల్లలకిది తమాషా. మొన్న ఒకడు రాయిని మోసుకుంట, నాకు వినబడదనుకొని, "తాత రెండో పెండ్లాం బాగ బరువున్నదిరా" అన్నడు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన, ఏం చేస్త, మాట నాదే గద. నవ్వుడయినంక మోకాళ్ళు పట్టుకొని దిగి, చక్రం కాడ కూసోని, బస్త విప్పి చూసుకున్న.