వరస కలిసిన కేసు

ఆసుపత్రి వెనకభాగంలో, మందుల గోడౌనుకీ లిఫ్టుకీ మధ్య ఇరుక్కున్న రెండు గదుల్లో ఒకటి, అక్కడ సోషల్ వర్కరుగా పనిచేసే ఆమెది. ఒకప్పుడు దుప్పట్లు దాచిన గది కాబట్టి కిటికీ లేదు. ఉన్న ఒక్క బల్లనీ ఆమె గోడవారకి నెట్టించి, రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించింది. మధ్యలో బల్ల ఉంటే మనిషి దాని వెనక దాక్కుంటాడని ఆమె అనేది. ఏటా కాలేజీ నుంచి సోషల్ వర్క్ చదివే విద్యార్థులు కొందరు ఆమె దగ్గరికి శిక్షణకి వచ్చేవారు. వార్డుల్లో రోగులతోనూ వాళ్ళ ఇంటివాళ్ళతోనూ మాట్లాడి, వారానికోసారి ఆ కుర్చీలో కూర్చుని, ఏం విన్నారో, ఏమన్నారో, ఎందుకన్నారో ఆమెకి చెప్పుకోవాలి.

చెప్పుకోవడం అంత తేలిక కాదు. "ధైర్యంగా ఉండండి అన్నాను మేడమ్" అని ఎవరైనా మొదలుపెడితే, "ఆగు" అనేది. "ఆ ధైర్యం ఆవిడ కోసం చెప్పావా, ఆవిడ ఏడుపు చూడలేక నీకోసం చెప్పుకున్నావా?" అలా మాటమాటకీ ఆపుతుందని పిల్లలు ఆమెకి ఆగమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. "పోన్లే, తోసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆపే మనిషి ఒకత్తె ఉండాలిగా" అని ఊరుకుంది.

వరసలు మాత్రం కలపనిచ్చేది కాదు. రోగుల్ని ఆంటీ, అంకుల్, బామ్మగారూ అంటే ఒప్పుకునేది కాదు. "ఇవాళ వరస కలిపితే రేపు కాదని చెప్పాల్సిన చోట నోరు పెగలదు. అండీ అంటే చాలు."

ఆ ఏడు వచ్చినవాళ్ళలో ఒక అమ్మాయిని తోటివాళ్ళు నత్త అనేవారు. ఆ అమ్మాయి దగ్గర్నుంచి జవాబు వచ్చేలోపు అడిగినవాళ్ళే ప్రశ్న మర్చిపోయేవారు. ఆగమ్మకి కూడా ఆ పిల్ల మీద పెద్ద నమ్మకం కుదరలేదు. అదే విభాగంలో పక్కగదిలో పనిచేసే స్నేహితురాలితో, "మంచి పిల్లే. కానీ అది నోరు తెరిచేసరికి పేషెంటు డిశ్చార్జి అయిపోతాడు" అంది.

ఆగమ్మకి తోడబుట్టినవాడు ఒక్కడే, అన్నయ్య. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. తండ్రి పోయేనాటికి ఆమె ఇంకా బడిలో ఉంది. అన్నయ్య చదువు ఆపేసి లారీ మీద క్లీనరుగా ఎక్కాడు, తర్వాత స్టీరింగు పట్టాడు. ఆమె చదువంతా ఆయన రెక్కల కష్టమే. వదిన పోయాక అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆమె పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే ఆయనే అందుకునేవాడు. "మా పంతులమ్మకి వచ్చిన సంబంధాలన్నీ కేసుల్లా కనిపించాయండీ."

ఆయనకి చక్కెర జబ్బు చాలా ఏళ్ళుగా ఉంది. ఎడమకాలి వేళ్ళు నల్లబడితే సాక్సు తొడిగి దాచుకున్నాడు. వాసన వచ్చేదాకా ఆమెకి తెలియలేదు. రోజంతా పరాయివాళ్ళ పుండ్ల గురించి వినే మనిషికి ఇంట్లో పుండు కనబడలేదన్న బాధ ఆమెని లోపల్లోపల తొలిచేసింది. తన ఆసుపత్రిలోనే చేర్పించింది. సర్జను చూసి, మోకాలి పైదాకా తీసెయ్యాలన్నాడు.

"క్లచ్ కాలండీ డాక్టరుగారూ. అది తీసేస్తే గేరెలా మార్చను?" అని అన్నయ్య ఆయన్ని నవ్వించాడే గాని, సంతకం పెట్టలేదు. ఆలోచించుకుంటానన్నాడు.

ఆ వార్డులో శిక్షణలో ఉన్నది నత్తే. సొంతవాళ్ళ కేసు సొంతవాళ్ళు చూడకూడదు, ఆ అమ్మాయితో దాని గురించి చర్చించనూ కూడదు. ఈ ఒక్క కేసుకీ అమ్మాయి తన దగ్గరికి రావాలని పక్కగది స్నేహితురాలు చెప్పింది. "నువ్వు చెల్లెలివి. చెల్లెలిగానే ఉండు" అంది. ఆగమ్మ సరేనంది.

కానీ ఉండలేకపోయింది. వార్డు తలుపు అద్దంలోంచి చూస్తే, అమ్మాయి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉండేది. అన్నయ్య రెండు చేతులూ గాల్లో తిప్పుతూ ఏదో మలుపు గురించి, ఏదో బస్సు గురించి చెప్తూ ఉండేవాడు. ఆగమ్మ లోపలికి రాగానే ఆయన తీరు మారిపోయేది. "రా పంతులమ్మా, తిన్నావా?" అనేవాడు. అంతకు మించి ఏమీ చెప్పేవాడు కాదు.

ఆ వారం అమ్మాయి మిగతా కేసుల గురించి మాట్లాడి లేవబోతుంటే ఆగమ్మ అడిగేసింది.

"మా అన్నయ్య ఏమంటున్నాడు?"

అమ్మాయి మళ్ళీ కూర్చుంది. "ఆయన గురించి పక్కగది మేడమ్‌తో మాట్లాడుతున్నానండీ."

"తెలుసు. నేను అడుగుతున్నా. ఆపరేషన్‌కి ఒప్పుకుంటాడా, లేదా?"

"అది ఆయనే మీతో చెప్తారు మేడమ్."

"అంటే నీతో ఏదో చెప్పాడన్నమాట."

అమ్మాయి మాట్లాడలేదు. ఇన్నేళ్ళూ పిల్లలకి మౌనంగా ఉండటం నేర్పిన మనిషికి ఆ మౌనం గుచ్చుకుంది.

"చూడమ్మా, నీకు మార్కులు వేసేది నేను."

నోరు జారింది. జారిందని తెలిసినా వెనక్కి తీసుకోలేదు. అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొంతు మాత్రం మెల్లగా, ఎప్పటిలాగే వచ్చింది.

"అవును మేడమ్. కానీ ఈ కేసులో మీరు పేషెంటు తాలూకు మనిషి. చెప్పొద్దని ఆయన అడిగారు. చెప్పనని మాటిచ్చాను."

"వెళ్ళు" అంది ఆగమ్మ.

ఆ తర్వాత ఆమె ఆగలేదు. ఆపరేషన్ థియేటరు ఖాళీ ఎప్పుడో కనుక్కుంది, రక్తానికి మనుషుల్ని కుదిర్చింది. అన్నయ్యతో కలిసి చాలాకాలం పనిచేసిన కండక్టర్ని ఆసుపత్రిలో తోడుకి రమ్మని కబురు పెట్టింది. అన్నయ్య ఔననలేదు, కాదనలేదు. సంతకం కోసం సర్జను అందర్నీ తన గదికి పిలిచిన రోజున అన్నయ్యని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. కుర్చీ తోసింది ఆ అమ్మాయే. పక్కగది స్నేహితురాలు కూడా వచ్చింది.

సర్జను పెన్ను ముందుకు జరిపాడు. అన్నయ్య పెన్ను తీసుకోకుండా అమ్మాయి వైపు చూశాడు.

"మీరు అడగాలనుకున్నది అడగండి. నేనిక్కడే ఉన్నాను" అందా అమ్మాయి.

"డాక్టరుగారూ, మొన్న మీరు నాకు చెప్పింది మా చెల్లెలి ముందు ఇంకోసారి చెప్పండి. నా గుండె గురించి."

సర్జను పెన్ను మూత పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. గుండె బాగా బలహీనంగా ఉంది, కిడ్నీలూ అంతంతమాత్రమే. బల్ల మీదే ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువ. తట్టుకున్నా మళ్ళీ లేచి తిరుగుతాడని చెప్పలేరు. చెయ్యకపోతే కొన్ని నెలలు, లేదా ఇంకా తక్కువ.

"అయితే నాకొద్దండీ. ఇంటికెళ్ళిపోతా. నొప్పి తెలియకుండా ఎవరైనా చూస్తే చాలు."

ఇంటికొచ్చి నొప్పికి మందులిచ్చే నర్సులతో మాట్లాడి ఉంచానని అమ్మాయి చెప్పింది.

"అన్నయ్యా, ఆగు" అంది ఆగమ్మ.

"ఇన్నాళ్ళూ ఆగాగా. నీకెలా చెప్పాలో తెలీకే ఆగాను" అన్నాడాయన.

బయట వరండాలో ఆగమ్మ ఆ అమ్మాయిని నిలబెట్టింది. "వారం పైగా నీకు తెలుసు. నేను రక్తం కోసం ఊరంతా తిరుగుతుంటే చూస్తూ ఊరుకున్నావు." అమ్మాయి క్షమించమంది. తప్పు చేశానని మాత్రం అనలేదు. ఆగమ్మ ఆ తేడా గమనించింది, గమనించి ఇంకా మండిపడింది.

అన్నయ్య ఇంటికొచ్చాడు. ఆగమ్మ సెలవు పెట్టింది. కట్టు మార్చేది, మందులు వేసేది, దుప్పటి సర్దేది. అన్నీ మాటల్లేకుండానే. అలా ఒకట్రెండు రోజులు గడిచాక, కట్టు విప్పుతున్న ఆమె చెయ్యి ఆయన పట్టుకున్నాడు.

"తిట్టవే."

"ఎందుకు తిడతాను? నీ నిర్ణయం నీది. నేను అర్థం చేసుకోగలను."

"అదిగో. అందుకే నీకు చెప్పలేదు. ఏదైనా చెప్తే 'నీకేమనిపిస్తోంది అన్నయ్యా' అంటావు, తల ఊపుతావు. ఆ తల ఊపుడు మీ ఆసుపత్రిది. ఆ అమ్మాయి దగ్గర నేను పేషెంటుని. భయమేస్తోందని చెప్పుకోడానికి సిగ్గెయ్యలేదు. నీ దగ్గర పేషెంటుగా ఉండటం నావల్ల కాదు. నిన్ను భుజాలమీద మోసినవాణ్ణి."

ఆమె చేతిలో గాజుగుడ్డ కింద పడింది. "నీకేం, హాయిగా వెళ్ళిపోతావు" అంది. "నాన్న పోయినప్పుడు నువ్వున్నావు. నువ్వు పోతే నాకెవరున్నారు? ఆ మాట ఒక్కసారైనా అనుకున్నావా? వేళ్ళు కుళ్ళుతుంటే దాచుకున్నావు, దొంగ సచ్చినోడా." అంటూ మంచంకోడుకి తలానించి వెక్కివెక్కి ఏడ్చింది. పక్కవాటా వాళ్ళు కిటికీలోంచి చూసినా ఆపుకోలేదు.

అన్నయ్య ఆమె తల మీద చెయ్యి వేశాడు. "అలా అడుగు. జవాబు నా దగ్గర లేదనుకో. కానీ అలా అడుగు."

ఆ తర్వాత ఇద్దరూ బాగానే పోట్లాడుకున్నారు. రేడియో శబ్దం గురించి, ఉప్పు గురించి, వదిన బతికుండగా ఎవరు ఎవరిని ఏమన్నారన్న దాని గురించి. ఒక మధ్యాహ్నం కండక్టరు తన పాత కారు తెచ్చి, బస్సు డిపో వెనక ఖాళీ స్థలంలో ఆపాడు. అన్నయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టి, కాలు కింద దిండు పెట్టారు. స్టీరింగు ముందు ఆగమ్మ కూర్చుంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ నేర్పనివాడు ఆ రోజు నేర్పుతానని పట్టుబట్టాడు.

"క్లచ్ మెల్లగా వదులు. మెల్లగా అన్నానా. అదేంటే, తేలు మీద కాలు పెట్టినట్టు."

కారు ఎగిరెగిరి పడి ఆగిపోయింది. "మీ చెల్లెలికి లైసెన్సు వచ్చేలోపు నాకు పెన్షను ఆగిపోయేలా ఉంది" అని వెనకసీట్లో కండక్టరు గొణిగాడు. అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతుంటే నొప్పి లేచింది. అయినా ఇంకో చుట్టు తిప్పమన్నాడు.

చివరి రోజులు తేలిగ్గా గడవలేదు. నర్సు ఇచ్చిన మందు పనిచేసినంతసేపే నిద్ర. జ్వరం పెరిగిన రోజున ఆగమ్మ అంబులెన్సుకి ఫోను చెయ్యబోయి, ఆయన కళ్ళు చూసి ఫోను పక్కన పెట్టేసింది. అది ఆమె చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైంది. నర్సు వచ్చి మందు పెంచింది. మర్నాడు పట్టపగలు, వీధిలో కూరగాయల బండివాడు అరుస్తూ పోతుండగా, చెల్లెలి చేతిలో చెయ్యి ఉండగానే అన్నయ్య ఊపిరి ఆగిపోయింది.

ఆగమ్మ తిరిగి పనిలోకి వచ్చేసరికి కాలేజీవాళ్ళు మార్కులు అడుగుతున్నారు. ఆమె పక్కగదికి వెళ్ళింది. "ఆ పిల్లకి నేను వెయ్యలేను. కోపంతో వేస్తే తగ్గుతాయి, సిగ్గుతో వేస్తే పెరుగుతాయి. నువ్వు వెయ్యి." స్నేహితురాలే వేసింది. అమ్మాయి మంచి మార్కులతోనే గట్టెక్కింది.

వెళ్ళిపోయే ముందు ఆగమ్మ ఆ అమ్మాయిని తన గదికి పిలిచి ఎదురు కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఆ రోజు మార్కుల మాట అన్నాను. అది బెదిరింపు. అనకూడదు."

అమ్మాయి ఎప్పటిలాగే ఆలోచించింది. "అవును మేడమ్" అంది. "ఆ రోజు ఇక్కణ్ణుంచి బయటికెళ్ళి వాంతి చేసుకున్నాను. సాయంత్రం ఆయన్ని అడిగాను, మీ చెల్లెలితో నేను చెప్పనా అని. ఇంకొంచెం ఆగమన్నారు. మీరు గట్టిగా ఏడవగలిగే చోట చెప్పాలనుకుంటున్నానన్నారు. ఈలోపే సంతకం రోజు వచ్చేసింది."

ఆగమ్మ తల ఊపబోయి మానుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత ఇద్దరూ దగ్గరయ్యారని చెప్పడానికి లేదు. ఆ అమ్మాయి వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరింది. ఎప్పుడైనా ఫోను చేస్తే క్షేమసమాచారాల వరకే మాట్లాడుకునేవారు.

చాలా రోజుల తర్వాత టీ తాగుతూ స్నేహితురాలు అడిగింది. "ఆ పిల్ల మీద కోపం పోయిందా?"

"అది చేసింది సరైన పనే. దాని చోట నేనున్నా అదే చెయ్యమనేదాన్ని" అంది ఆగమ్మ. "కోపం మాత్రం అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. రానీ."

ఆ మధ్యాహ్నం కొత్త విద్యార్థులిద్దరు వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆగమ్మ టీ గ్లాసు కింద పెట్టి, వాళ్ళని కూర్చోమంది.