ఆరని నీలం సంచితో గోపన్‌పల్లి దాకా

ఉదయం ఏడున్నరకు ప్రగతి నగర్ నుంచి బయలుదేరాను. చేతిలో మా ప్రెస్సులో నిన్న అచ్చు వేసిన కాగితపు సంచుల్లో ఒకటి. నీళ్లతో కలిపే నీలం సిరా; రాత్రంతా తాడు మీద వేలాడినా ఆరలేదు. సాయంత్రం అయిదింటికల్లా హైటెక్ సిటీలోని ఓ ఆఫీసు క్యాంటీన్‌కు సంచులన్నీ అందాలి. లేకపోతే నెలనెలా వచ్చే ఆర్డర్ ఇంకొకరి పాలవుతుంది.

ఒకప్పుడు పెద్ద ప్రెస్సులో మిషన్ నడిపిన యాదగిరన్న ఇప్పుడు గోపన్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంట్‌కు సెక్యూరిటీ. డ్యూటీలో ఫోన్ ఎత్తడు. సిరా త్వరగా ఆరే మందేదో ఆయన దగ్గర ఉండే ఉంటుంది. దాన్ని సగం ధరకు ఎలా అడగాలో బస్సు ఎక్కకముందే సిద్ధం చేసుకున్నాను.

ఎనిమిదింటికి నిజాంపేట క్రాస్ రోడ్డులో గచ్చిబౌలి బస్సు. నిలబడే చోటు దొరికింది. కొండాపూర్ దాటాక, ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసే ఒకామె తన కొంగు చూసుకుంది.

"ఏందన్నా, నీ సంచి నా చీరకు అచ్చేసింది!"

"నీళ్ల రంగే అక్కా, ఉతికితే పోతది."

"గట్ల పోయే రంగైతే సంచికెందుకేసినవ్?"

సంచిని నెత్తిమీద పట్టుకుని గచ్చిబౌలిలో దిగాను. షేర్ ఆటో అతను ముప్పై అన్నాడు. ఇరవై అన్నాను. వెళ్లిపోయాడు. తర్వాతి ఆటోకు ముప్పై అయిదు ఇచ్చాను. మీరు వెళితే మొదటి ఆటోనే ఎక్కండి.

తొమ్మిదిన్నరకు గేటు దగ్గర టీ తాగుతూ యాదగిరన్న సంచి మీద బొటనవేలు రుద్దాడు.

"యాడ ఆరబెట్టినవ్?"

"లోపలే. ఫ్యాన్ ఫుల్లు పెట్టినం."

"మరి షట్టర్?"

"దించినం."

"ఎందుకు?"

చెప్పక తప్పలేదు. ఎదురు ప్రెస్సు షట్టర్ తెరిచి ఉన్నప్పుడు తొంగి చూసే ఈ ఆర్డర్ పట్టాను. ఆ ప్రెస్సాయన కంటే తక్కువ రేటు చెప్పాను. ఇప్పుడు ఆయనా నాలాగే తొంగి చూస్తాడేమోనని భయం.

"గందుకే ఆరలే. సిరాలకెల్లి లేసిన తడిని నీ ఫ్యాన్ గదిలనే తిప్పుతున్నది. వాన వెలిసింది కదా, షట్టర్ ఎత్తు. ఫ్యాన్ మొఖం బయటికి తిప్పు."

"మందేమన్నా..."

"మందు లేదు గిందు లేదు. ఇగ నడువు."

బేరమాడటానికి ఏమీ మిగల్లేదు. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు.

ప్రెస్సులో ఉన్న మా ఆవిడకు ఫోన్ చేసి సంగతి చెప్పి, తిరుగు బస్సెక్కాను. పదకొండున్నరకు కొత్తగూడ ట్రాఫిక్‌లో ఉండగా ఆమె ఫోన్.

"ఆరుతున్నయ్. వేలికి అంటుతలేదు. ఎదురు ప్రెస్సాయన వచ్చిండు."

"రేటడిగిండా?"

"లేదు. మన ఫ్యాన్ సరిపోదని తన పెద్ద ఫ్యాన్ తెచ్చి పెట్టిండు."

ఆ మనిషికి ఇందులో లాభమేమిటో ఎంతకీ అంతుచిక్కలేదు.

"ఇంకేమన్నా అన్నడా?"

"ఏం అనలే. పోతపోత ఒక సంచి మడిచి జేబుల పెట్టుకున్నడు."

ఓహో, నమూనా కోసం వచ్చాడన్నమాట; ఆయనా నాలాంటివాడే. అప్పటికి గాని నా మనసు కుదుటపడలేదు. సాయంత్రం సరుకు అప్పగించేటప్పుడే వచ్చే నెల మాట కూడా ఖాయం చేసుకోవాలని నిశ్చయించుకుని, అప్పుడే ఖాళీ అయిన కిటికీ సీట్లో కూర్చున్నాను.